పాత పికప్ ట్రక్కుల పునర్నిర్మాణంలో ఇంజను మార్పిడి

ఇంజను మార్పిడి అనగా ఒక మోటారు వాహనంలో తయారీదారు అమర్చిన ఇంజనును తొలగించి, దాని స్థానంలో వేరొక రకపు ఇంజనును అమర్చడం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1940, 1950 దశకాల నాటి పికప్ ట్రక్కుల రేకు భాగాలను, అనగా క్యాబు, బానెట్, మడ్‌గార్డులు, వెనుక తొట్టి వంటి వాటిని, తరువాతి కాలపు వాహనం చట్రంపై (ఛాసీ) నిలబెట్టి కొత్త ఇంజను అమర్చే పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉంది. ఇటువంటి నిర్మాణాలలో బాగా తెలిసిన ఉదాహరణ, 1947–1955 మధ్య తయారైన షెవ్రోలె 3100 ట్రక్కు క్యాబును అదే సంస్థ 1982–2004 మధ్య తయారుచేసిన ఎస్-10 పికప్ చట్రంపై అమర్చడం. ఈ వ్యాసంలోని వివరాలు ప్రధానంగా ఈ జంటకు సంబంధించినవి.

ఈ పనిలో ఇంజను ఎంపికను సాధారణంగా అశ్వశక్తిని బట్టి చేస్తారని అనుకుంటారు. ఆచరణలో మాత్రం ఇంజను ఏదన్నది చాలావరకు చట్రమే నిర్ణయిస్తుంది. చట్రంలోని అడ్డు దూలం, స్టీరింగు కడ్డీ వెళ్ళే దారి, క్యాబు ముందుండే అడ్డురేకు (ఫైర్‌వాల్), రేడియేటర్, ఈ నాలుగింటి నడుమ మిగిలిన ఖాళీలో పట్టే ఇంజను మాత్రమే పనికివస్తుంది. ఈ కొలతలు చూడకుండా ముందుగా ఇంజను కొన్నవారు తరువాత అడ్డురేకును కోయడమో, అడ్డు దూలాన్ని కోయడమో చేయవలసి వస్తుంది. వీటిలో రెండవది ప్రమాదకరం.

మూల వాహనం

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జనరల్ మోటార్స్ సంస్థ పూర్తిగా కొత్తగా రూపొందించిన ట్రక్కులు 1947 వేసవిలో విడుదలయ్యాయి. వీటికి "అడ్వాన్స్ డిజైన్" అని పేరు పెట్టారు. 1955 తొలి నెలల వరకు ఇవి తయారయ్యాయి. వీటిలో అర టన్ను బరువు మోసే రకాన్ని 3100 అని, ముప్పావు టన్ను రకాన్ని 3600 అని, ఒక టన్ను రకాన్ని 3800 అని పిలిచారు. 3100 ముందు, వెనుక చక్రాల మధ్య దూరం (వీల్‌బేస్) 116 అంగుళాలు, అనగా సుమారు 295 సెంటీమీటర్లు. గుండ్రని మడ్‌గార్డులు, 1953 వరకు ముందు భాగాన కనిపించే ఐదు అడ్డపట్టీలు, కొన్నిటికి క్యాబు వెనుక మూలల్లో ఉండే వంపు అద్దాలు వీటి గుర్తులు. పునర్నిర్మాణం చేసేవారు కాపాడదలచుకునేది ఈ ఆకారాన్నే.

ఈ ట్రక్కులలో అమర్చిన ఇంజను ఒకే వరుసలో ఆరు సిలిండర్లు కలిగినది. దీని పరిమాణం 216.5 ఘనపుటంగుళాలు (3.5 లీటర్లు), శక్తి సుమారు 90 అశ్వశక్తి. షెవ్రోలె ఆరు సిలిండర్ల ఇంజన్లు 1929 నుండి ఉన్నాయి. వీటిని వాడుకలో "స్టోవ్‌బోల్ట్ సిక్స్" అంటారు. 216 ఇంజనులో కనెక్టింగ్ రాడ్ల బేరింగులు విడిగా తీసి మార్చేవి కావు, రాడ్డులోనే పోతపోసిన మెత్తని బాబిట్ లోహపు పూత. వాటికి పంపు నుండి ఒత్తిడితో నూనె అందదు. రాడ్డు అడుగున ఉన్న చిన్న గరిటె వంటి భాగం తొట్టిలోని నూనెను ముంచుకొని బేరింగుకు అందిస్తుంది. పొలాలకూ, దగ్గరి ఊళ్ళకూ నెమ్మదిగా తిరిగే బండికి ఈ ఏర్పాటు సరిపోయింది. గంటకు 45–50 మైళ్ళు దాటి గంటల తరబడి నడిపితే ఇంజనుకు మంచిది కాదు. 1954లో దీని స్థానంలో 235 ఘనపుటంగుళాల (3.9 లీటర్లు) ఇంజనును, బేరింగులన్నిటికీ ఒత్తిడితో నూనె అందే ఏర్పాటుతో తెచ్చారు.

ముందు యాక్సిలు ఒకే ఇనుప దూలం. నాలుగు చక్రాలకూ కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు), డ్రమ్ము బ్రేకులు. విద్యుత్తు 6 వోల్టులు. 3100 రకంలో 1954 వరకు గేరుబాక్సు నుండి వెనుక యాక్సిలుకు శక్తిని అందించే షాఫ్టు ఒక గొట్టం లోపల మూసి ఉండేది. దీనిని టార్క్ ట్యూబు అంటారు. ఈ గొట్టం వెనుక యాక్సిలులో అంతర్భాగం. అందువల్ల గేరుబాక్సును మార్చాలంటే వెనుక యాక్సిలును కూడా మార్చక తప్పదు. ఒక్క ఇంజను మార్పుతో మొదలైన పని చట్రం మార్పు దాకా వెళ్ళడానికి ఇది ఒక ముఖ్య కారణం.

చట్రాన్నే మార్చడం ఎందుకు

శక్తివంతమైన ఇంజను అమర్చినప్పుడు బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్ కూడా దానికి తగినట్లు ఉండాలి. ఇందుకు మూడు మార్గాలు ఉన్నాయి. మొదటిది, పాత చట్రాన్ని ఉంచి, ముందు భాగంలో స్వతంత్ర సస్పెన్షన్ గల అడ్డు దూలాన్ని వెల్డింగు చేయడం. 1974–78 ఫోర్డ్ ముస్టాంగ్ 2 కారు సస్పెన్షన్ నమూనాలో తయారైన దూలాలను ఇందుకు ఎక్కువగా వాడతారు. రెండవది, పాత చట్రం ముందు భాగాన్ని కోసి, 1970 దశకపు కమారో వంటి కారు ముందు భాగాన్ని అతకడం. మూడవది, చట్రాన్ని మొత్తంగా మార్చడం.

మూడవ పద్ధతిలో లాభం ఏమిటంటే స్టీరింగు, ముందు డిస్కు బ్రేకులు, సస్పెన్షన్, ఇంజను ఆధారాలు, ఇంధన ట్యాంకు అన్నీ ఒకే తయారీదారు పొందుపరచిన క్రమంలో ఉంటాయి. విడిభాగాలు సాధారణ దుకాణాలలో దొరుకుతాయి. నష్టం ఏమిటంటే క్యాబు ఆధారాలు, బంపర్లు, రేడియేటర్ ఫ్రేము, తొట్టి ఆధారాలు, ఫుట్‌బోర్డులు అన్నిటినీ కొత్తగా తయారుచేసుకోవాలి. చట్రం చవకగా దొరికిందని మొదలుపెట్టిన నిర్మాణాలు అనేకం ఈ చిన్న పనుల వద్దనే ఆగిపోతుంటాయి.

ఎస్-10 చట్రం

ఎస్-10 పికప్ రెండు తరాలుగా తయారైంది: 1982–1993, 1994–2004. మామూలు క్యాబు, చిన్న తొట్టి ఉన్న రకంలో చక్రాల మధ్య దూరం 108.3 అంగుళాలు, పొడవు తొట్టి రకంలో 117.9 అంగుళాలు, పెద్ద క్యాబు రకంలో 122.9 అంగుళాలు. 3100కు కావలసిన 116 అంగుళాలకు వీటిలో పొడవు తొట్టి రకం దగ్గరగా ఉన్నది. తేడా రెండు అంగుళాలకు లోపే కాబట్టి వెనుక కమాను పట్టీల ఆధారాలను ముందుకు జరిపి సరిచేయవచ్చు. పెద్ద క్యాబు చట్రం వాడితే సుమారు 7 అంగుళాలు కోసి తగ్గించాలి. ఇలా కోసినప్పుడు నిలువుగా ఒకే గీతలో కోయక మెట్టు ఆకారంలో కోసి, లోపలి వైపు పలక వేసి వెల్డింగు చేస్తారు. నిలువు కోత వద్ద భారమంతా ఒకే వెల్డింగు గీతపై పడుతుంది.

రెండు చక్రాల చోదనం (టూ వీల్ డ్రైవ్) గల ఎస్-10లో ముందు చక్రాలకు రెండేసి త్రికోణపు చేతులు, చుట్ట స్ప్రింగులు ఉంటాయి. నాలుగు చక్రాల చోదనం గల రకంలో చుట్ట స్ప్రింగులకు బదులు మెలి తిరిగే కడ్డీలు (టార్షన్ బార్లు), ముందు డిఫరెన్షియల్ ఉండడం వలన ఇంజను కింద స్థలం తక్కువ. అందువల్ల ఇటువంటి నిర్మాణాలకు మొదటి రకాన్నే ఎంచుకుంటారు.

ఈ చట్రానికి ఒక పెద్ద లోపం ఉంది. ఎస్-10 చిన్న ట్రక్కు. దాని ఎడమ, కుడి చక్రాల మధ్య వెడల్పు 3100 కన్నా కొన్ని అంగుళాలు తక్కువ. దీనివలన వెడల్పాటి పాత మడ్‌గార్డుల లోపల చక్రాలు లోతుగా కూరుకుపోయినట్లు కనిపిస్తాయి. లోతు వేరుగా ఉన్న రిమ్ములు వాడి గానీ, నాలుగు చక్రాల చోదన రకపు వెడల్పాటి వెనుక యాక్సిలు వాడి గానీ దీనిని సరిచేస్తారు. రిమ్ముకూ హబ్బుకూ మధ్య మందమైన బిళ్ళలు (స్పేసర్లు) పెట్టడం అన్నిటికన్నా సులువు. కానీ చక్రం బయటికి జరిగిన కొద్దీ ముందు బేరింగులపై భారం పెరుగుతుంది.

ఇంజను ఎంపిక

ఎస్-10లో తయారీదారు అమర్చిన ఇంజన్లలో నాలుగు సిలిండర్లవి, వి6 రకాలు ఉన్నాయి. వీటిలో 1988 నుండి లభించిన 4.3 లీటర్ల (262 ఘనపుటంగుళాలు) వి6 గమనించదగినది. ఇది షెవ్రోలె స్మాల్ బ్లాక్ వి8 నుండి రెండు సిలిండర్లు తగ్గించి రూపొందించినది. గేరుబాక్సు బిగించే బోల్టుల అమరిక రెండిటికీ ఒకటే. కనుక 4.3 లీటర్ల వి6తో వచ్చిన చట్రం కొన్నవారికి రెండు దారులు తెరచి ఉంటాయి: ఆ ఇంజనునే ఉంచుకోవడం, లేదా పెద్ద మార్పులు లేకుండా వి8కు మారడం. మొదటి దారిని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. ఆ ఇంజను, గేరుబాక్సు, వైరింగు, పెడళ్ళు అన్నీ ఆ చట్రానికి పుట్టుకతో వచ్చినవి. బండి రోడ్డెక్కే అవకాశం ఈ దారిలోనే ఎక్కువ. జనరల్ మోటార్స్ స్వయంగా ఇదే వి6కు టర్బోచార్జర్ అమర్చి, 1991లో ఎస్-10కు జంట వాహనమైన జీఎంసీ సోనోమా ఆధారంగా 280 అశ్వశక్తి గల సైక్లోన్ అనే పికప్‌ను విడుదల చేసింది.

అత్యధికులు ఎంచుకునేది మాత్రం స్మాల్ బ్లాక్ వి8. ఇది 1955లో 265 ఘనపుటంగుళాల పరిమాణంతో వచ్చింది. 1967లో వచ్చిన 350 ఘనపుటంగుళాల (5.7 లీటర్లు) రూపం కోట్ల బండ్లలో వాడుకలోకి వచ్చింది. పోత ఇనుముతో చేసిన ఈ ఇంజను బరువు సుమారు 575 పౌండ్లు (260 కిలోగ్రాములు). కార్బొరేటర్‌తో నడిపితే దీనికి కంప్యూటరు అవసరం లేదు, కొద్దిపాటి తీగలు చాలు. పాత బానెట్ ఎత్తినప్పుడు లోపల కనిపించే రూపం కూడా కాలానికి తగినట్లుంటుందని కొందరు దీనిని ఇష్టపడతారు.

మూడవది, 1997లో కొర్వెట్ కారులో ఎల్‌ఎస్1 పేరుతో మొదలైన ఇంజన్ల కుటుంబం. 1999 నుండి పెద్ద పికప్‌లలో ఇదే కుటుంబానికి చెందిన 4.8, 5.3, 6.0 లీటర్ల ఇంజన్లు వచ్చాయి. పాడైన ట్రక్కులను విడగొట్టి అమ్మే యార్డులలో 5.3 లీటర్ల రకం విరివిగా దొరుకుతుంది. ఇంధనాన్ని కంప్యూటరు ఆధ్వర్యంలో చిమ్మే ఈ ఇంజన్లు చలిలోనూ, ఎత్తైన ప్రదేశాలలోనూ సర్దుబాటు లేకుండా నడుస్తాయి. వీటిని కొనేటప్పుడు ఇంజను దిమ్మెను మాత్రమే కొనడం తరచుగా జరిగే పొరపాటు. దాని కంప్యూటరు, తీగల కట్ట, ఆక్సిజన్ సెన్సర్లు కూడా అదే బండి నుండి తీసుకోవాలి. విద్యుత్తుతో పనిచేసే థ్రాటిల్ ఉన్న రకమైతే యాక్సిలరేటర్ పెడలు, దానిని నియంత్రించే పెట్టె కూడా ఒకదానికొకటి సరిపోయే జత అయి ఉండాలి. లేకుంటే ఇంజను స్టార్టు అయినా వేగం అందుకోదు. దొంగతనం నిరోధించే తాళపు ఏర్పాటును కంప్యూటరు నుండి తొలగించకపోతే అసలు స్టార్టే కాదు.

పాత ఆకారంతో పాటు పాత శబ్దం కూడా ఉండాలనుకునేవారు 235 లేదా దానికన్నా పెద్దదైన 261 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఇంజనును ఎంచుకుంటారు. ఇవి 216 కుటుంబానికి చెందినవే కాబట్టి పాత చట్రంలో స్వల్ప మార్పులతో కుదురుతాయి. కొత్త చట్రంలో మాత్రం ఈ పొడవాటి ఇంజనుకు ఆధారాలు, ఆయిల్ పాన్ అన్నీ కొత్తగా చేయించాలి. ఆరు సిలిండర్ల ఇంజనుపై మక్కువ ఉన్నవారు పాత చట్రాన్ని ఉంచుకోవడమే మేలు.

ఇంజను స్థానం నిర్ణయించడం

నిర్మాణంలో అతి కీలకమైన దశ ఇది. ఏ ఆధారాన్నీ వెల్డింగు చేయకముందే క్యాబు, ముందు మడ్‌గార్డులు, గ్రిల్, బానెట్ అన్నిటినీ చట్రంపై తాత్కాలికంగా నిలబెట్టి చూస్తారు. ముందు చక్రం కేంద్రం మడ్‌గార్డు వంపు మధ్యకు రావాలి. ఇది కుదిరితే క్యాబు స్థానం, తద్వారా అడ్డురేకు స్థానం దానంతటదే తేలిపోతుంది. ఆ తరువాతనే ఇంజను చోటును కొలవాలి. చట్రానికి టైర్లు బిగించి, దాని బరువంతా చక్రాలపై ఉన్నప్పుడు కొలిచిన కొలతలే సరైనవి. గాలిలో వేలాడుతున్న చట్రంపై తీసిన కొలతలు తరువాత తప్పుతాయి.

స్మాల్ బ్లాక్ వి8లో పక్కపక్క సిలిండర్ల కేంద్రాల మధ్య దూరం 4.4 అంగుళాలు. 4.3 లీటర్ల వి6లోనూ ఇంతే. కాబట్టి గేరుబాక్సును కదల్చకుండా వి6 స్థానంలో వి8 పెడితే ఇంజను ముందు భాగం దాదాపు 4.4 అంగుళాలు (11 సెంటీమీటర్లు) ముందుకు వస్తుంది. ఎస్-10 సొంత క్యాబుతో ఉన్నప్పుడు వి8 అమర్చినవారికి రేడియేటర్ వద్ద ఎదురయ్యే చిక్కు ఇదే. 3100 ముక్కు పొడవైనది. ఆరు సిలిండర్ల వరుస కోసం రూపొందించినది. కనుక ముందువైపు చోటు సరిపోతుంది. చిక్కు వెనుకవైపు వస్తుంది. పాత స్మాల్ బ్లాక్‌లో డిస్ట్రిబ్యూటర్ ఇంజను వెనుక చివర, అడ్డురేకుకు ఎదురుగా ఉంటుంది. దాని మూత తీయడానికి, తిప్పి టైమింగు సరిచేయడానికి చేయి పట్టేంత సందు ఉండాలి. ఎల్‌ఎస్ కుటుంబంలో డిస్ట్రిబ్యూటర్ లేదు. అందువల్ల అడ్డురేకును కోయడానికి ఇష్టపడనివారికి ఆ కుటుంబం అనుకూలం.

ఎత్తు విషయంలో ఎల్‌ఎస్ ఇంజన్లకు ఇబ్బంది ఉంది. పెద్ద పికప్‌ల నుండి తీసిన ఇంజనుకు ఆయిల్ పాన్ లోతుగా ఉంటుంది, పైన గాలి తీసుకునే మానిఫోల్డు ఎత్తుగా ఉంటుంది. లోతైన పాన్ అడ్డు దూలానికి తగులుతుంది, లేదా చట్రం కన్నా కిందికి వేలాడుతుంది. దిగువన వేలాడే పాన్ ఒక రాయి తగిలితే పగిలి, నూనె పోయి, ఇంజను మొత్తం పాడవుతుంది. దీనికి 1998–2002 కమారో కారు పాన్ వంటి తక్కువ లోతు గల పాన్ మార్చాలి. పాన్‌తో పాటు నూనె పీల్చే గొట్టాన్ని, నూనె కొలిచే కడ్డీని కూడా దానికి చెందినవే వాడాలి. పాన్ మార్చి గొట్టాన్ని పాతదే ఉంచితే అది అడుగుకు తగిలి నూనె అందదు, లేదా మూత పట్టదు.

ఇంజను, గేరుబాక్సు వెనుకకు స్వల్పంగా, సాధారణంగా మూడు డిగ్రీల వరకు, వాలి ఉంటాయి. వెనుక యాక్సిలు పినియన్ కూడా అంతే కోణంలో పైకి ఉండి, రెండిటి గీతలు సమాంతరంగా ఉండాలి. ఈ కోణాలు కుదరకపోతే షాఫ్టు కీళ్ళు ప్రతి చుట్టులోనూ వేగం హెచ్చుతగ్గులకు లోనై, ఒక నిర్దిష్ట వేగం వద్ద బండి అదురుతుంది. అదురు టైర్లలో ఉందని భ్రమపడి నెలల తరబడి టైర్లను బ్యాలెన్సు చేయించడం పరిపాటి.

స్టీరింగు కడ్డీ, పొగ గొట్టాలు

పాత 3100లో స్టీరింగు చక్రం నుండి గేరు పెట్టె వరకు ఒకే తిన్నని కడ్డీ ఉండేది. ఎస్-10లో స్టీరింగు పెట్టె ఎడమ పట్టీకి వేరే చోట బిగించి ఉంటుంది. పాత క్యాబులోని స్టీరింగు కాలమ్‌కూ ఈ పెట్టెకూ మధ్య కీళ్ళు గల కడ్డీ అమర్చాలి. అది సరిగ్గా ఇంజను ఎడమ వైపు పొగ మానిఫోల్డు ఉన్నచోటు గుండానే వెళుతుంది. వి8 నిర్మాణాలలో ఈ రెండిటి పోటీ తప్పనిసరి. ఇంజనును ఒకటి రెండు అంగుళాలు కుడికి జరపడం, సన్నని మానిఫోల్డు వాడడం, కడ్డీకి మూడవ కీలు పెట్టడం ద్వారా దీనిని పరిష్కరిస్తారు.

మానిఫోల్డులలో పాత వి8 ఇంజన్లకు వచ్చిన "రామ్స్ హార్న్" రకం, అనగా పొట్టేలు కొమ్ముల ఆకారం గలది, పొగను మధ్య నుండి తిన్నగా కిందికి దించుతుంది. ఇది ఇంజనుకు దగ్గరగా ఒదిగి ఉండడం వలన ఇరుకు చోట్ల ఉపయోగపడుతుంది.

స్టీరింగు కడ్డీకి ఒక్కొక్క కీలు 30 డిగ్రీలకు మించి వంగకుండా చూస్తారు. మూడు కీళ్ళు పెట్టినప్పుడు మధ్య కడ్డీకి చట్రంపై నిలిపిన ఆధారపు బేరింగు తప్పనిసరి. అది లేకుంటే కడ్డీ చక్రంతో పాటు తిరగక పక్కకు వంగుతుంది. కడ్డీ ముక్కలను వెల్డింగుతో అతకడం కన్నా, డి ఆకారపు కోత గల కడ్డీని కీలులోకి జొప్పించి, కడ్డీలో చిన్న గుంట పెట్టి మరను అందులోకి దింపి, తాళపు నట్టుతో బిగించడం మేలైన పద్ధతి. నిర్మాణం మొత్తంలో తప్పు జరిగితే హెచ్చరిక లేకుండా ప్రాణం తీసేది ఈ ఒక్క కడ్డీయే.

గేరుబాక్సు, వెనుక యాక్సిలు

పాత 3100లో వెనుక యాక్సిలు నిష్పత్తి 4.11. పై గేరులో షాఫ్టు ఇంజను వేగంతోనే తిరిగేది. 28 అంగుళాల వ్యాసం గల టైర్లతో గంటకు 60 మైళ్ళ (97 కిలోమీటర్లు) వేగం వద్ద ఇంజను నిమిషానికి సుమారు 2,960 చుట్లు తిరగాలి. 216 ఇంజనుకు ఇది భారమైన వేగం.

1982లో వచ్చిన 700ఆర్4, దాని తరువాతి రూపమైన 4ఎల్60-ఇ ఆటోమేటిక్ గేరుబాక్సులలో నాలుగవ గేరు ఓవర్‌డ్రైవ్. దీని నిష్పత్తి 0.70. వెనుక యాక్సిలు నిష్పత్తి 3.42 ఉంటే, అవే టైర్లతో, అదే వేగం వద్ద ఇంజను నిమిషానికి సుమారు 1,720 చుట్లు మాత్రమే తిరుగుతుంది. 3.73 ఉంటే సుమారు 1,880. 3.08 వంటి చిన్న నిష్పత్తిని ఓవర్‌డ్రైవ్‌తో కలిపితే ఇది 1,550కి పడిపోతుంది. దిగువ వేగంలో బలం తక్కువ ఉన్న ఇంజను అక్కడ ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఇంజను, గేరుబాక్సు, యాక్సిలు, టైరు ఈ నాలుగింటినీ కలిపి లెక్క వేసుకోవాలి. విడివిడిగా మంచివైనవి కలిసినప్పుడు మంచివి కానక్కరలేదు.

700ఆర్4లో థ్రాటిల్‌కు కలిపే తీగ సరైన కొలతలో బిగించకపోతే లోపలి ఒత్తిడి తగ్గి, క్లచ్ పలకలు కొద్ది మైళ్ళలోనే కాలిపోతాయి. 4ఎల్60-ఇ కంప్యూటరు ఆధీనంలో పనిచేస్తుంది కనుక దీనికి ఆ తీగ లేదు.

రెండు చక్రాల చోదన ఎస్-10 వెనుక యాక్సిలులో పళ్ళ చక్రం వ్యాసం సుమారు 7.5 అంగుళాలు. నాలుగు లేదా ఆరు సిలిండర్ల ఇంజనుకు సరిపోయే ఈ యాక్సిలు, మంచి పట్టు ఉన్న టైర్లతో వి8 బలాన్ని ఎక్కువకాలం తట్టుకోలేదు. వెడల్పు సమస్య కూడా ఉన్నందున చాలామంది ఈ రెండిటికీ పరిష్కారంగా యాక్సిలునే మారుస్తారు.

ఇంధనం, విద్యుత్తు, బ్రేకులు

కార్బొరేటర్‌కు చదరపు అంగుళానికి 5 నుండి 7 పౌండ్ల ఇంధన ఒత్తిడి చాలు. ఎల్‌ఎస్ కుటుంబపు ట్రక్కు ఇంజన్లకు సుమారు 58 పౌండ్లు కావాలి. పాత గొట్టాలు, రబ్బరు పైపులు ఈ ఒత్తిడికి తగవు. 1949 నుండి అడ్వాన్స్ డిజైన్ ట్రక్కులలో ఇంధన ట్యాంకు క్యాబు లోపల, సీటు వెనుక ఉండేది. చట్రం మార్చినప్పుడు ట్యాంకును ప్రయాణికుల వెనుక నుండి తొలగించి చట్రంపైకి మార్చే వీలు కలగడం ఈ పద్ధతి వలన కలిగే మేళ్ళలో ఒకటి.

విద్యుత్తును 6 వోల్టుల నుండి 12 వోల్టులకు మార్చాలి. పాత మీటర్లను ఉంచదలచినవారు వోల్టేజీ తగ్గించే పరికరాలు వాడతారు. పాత స్పీడోమీటరు తీగతో తిరిగేది. 4ఎల్60-ఇ విద్యుత్ సంకేతం మాత్రమే ఇస్తుంది కాబట్టి మధ్యలో మార్పిడి పెట్టె అవసరం.

ఎస్-10 బ్రేకులకు ఇంజను నుండి వచ్చే వాక్యూమ్ సాయం చేస్తుంది. ఎక్కువ శక్తి కోసం క్యామ్‌షాఫ్టు మార్చిన ఇంజన్లలో ఐడ్లింగు వద్ద వాక్యూమ్ తగ్గిపోయి, పెడలు రాయిలా గట్టిపడుతుంది. ముందు చుట్ట స్ప్రింగులు కూడా ఇంజను బరువుకు తగినవి ఉండాలి. నాలుగు సిలిండర్ల బండి చట్రంపై వి8 పెట్టి స్ప్రింగులు మార్చకపోతే ముక్కు కిందికి దిగి, చక్రాల అమరిక దెబ్బతింటుంది.

వాహన గుర్తింపు, చట్టం

ఈ నిర్మాణాలలో యంత్ర సంబంధమైన పొరపాట్లను డబ్బుతో సరిదిద్దుకోవచ్చు. పత్రాలలోని పొరపాటు మాత్రం పూర్తయిన బండిని రోడ్డెక్కకుండా ఆపగలదు. అమెరికాలో వాహన యాజమాన్య పత్రాలను రాష్ట్రాలు జారీ చేస్తాయి. 1950 దశకం మధ్య వరకు అనేక రాష్ట్రాలు ట్రక్కులను ఇంజను సంఖ్య ఆధారంగానే నమోదు చేశాయి. అటువంటి ట్రక్కు పాత ఇంజనును పాత ఇనుముకు అమ్మివేస్తే, పత్రంలోని సంఖ్య బండిపై ఎక్కడా మిగలదు. కనుక ఇంజను తీయకముందే పత్రంలోని సంఖ్యను తలుపు స్తంభంపై ఉన్న పలకతోనూ, ఇంజనుపై ఉన్న ముద్రతోనూ పోల్చి చూసుకోవడం అవసరం.

చట్రం మార్చినప్పుడు సమస్య రెట్టింపవుతుంది. 1981 నుండి అమెరికా వాహనాలకు 17 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంది. క్యాబు 1950 నాటిది, చట్రం 1994 నాటిది, ఇంజను 2002 నాటిది అయితే బండి ఏ సంవత్సరానిది? దీనికి ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క విధంగా సమాధానం చెబుతుంది. కొన్ని "పునర్నిర్మిత", "ప్రత్యేకంగా నిర్మించిన", "స్ట్రీట్ రాడ్" వంటి వర్గాలలో నమోదు చేస్తాయి. వాహన గుర్తింపు సంఖ్యను తెలిసి చెరపడం లేదా మార్చడం ఫెడరల్ చట్టం ప్రకారం ఐదేళ్ళ వరకు శిక్షార్హమైన నేరం. పాత పలకను కొత్త చట్రానికి బిగించి మౌనంగా ఉండడం వాడుకలో ఉన్నా, కొనుగోలుదారుకు చిక్కులు తెచ్చేది అదే.

పొగ నియంత్రణ నిబంధనలు కూడా చట్రాన్ని బట్టి మారతాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1991లో విడుదల చేసిన వివరణ ప్రకారం, ఇంజను మార్చిన వాహనం దాని చట్రం తయారైన సంవత్సరానికి లేదా తరువాతి సంవత్సరానికి చెందిన ఆమోదిత నమూనాతో సరిపోలాలి. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు సంవత్సరాల పెట్రోలు వాహనాలకు పొగ తనిఖీ లేదు. పాత ట్రక్కుకు వర్తించే ఈ మినహాయింపు, ఎస్-10 చట్రంగా నమోదైన బండికి వర్తించదు. ప్రత్యేకంగా నిర్మించిన వాహనాల కోసం ఆ రాష్ట్రం 2001లో చేసిన చట్టం ప్రకారం, ఏటా మొదటగా దరఖాస్తు చేసుకున్న 500 వాహనాలకు బండి ఆకారం లేదా ఇంజను పోలిన సంవత్సరాన్ని తనిఖీకి ప్రాతిపదికగా తీసుకుంటారు. కొత్త ఇంజనును పొగ నియంత్రణ పరికరాలతో సహా అమర్చదలచినవారి కోసం జనరల్ మోటార్స్ "ఈ-రాడ్" పేరుతో సంపూర్ణ సామగ్రిని అమ్మింది.

భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ విభాగం ప్రకారం తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. ఇంజను మార్పును నమోదు అధికారికి తెలపాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, చట్రం, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేకుండా మూల రూపంలో ఉన్న వాహనాలనే వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తారు. కొత్త చట్రంపై కట్టిన పాత బండి ఈ వర్గంలోకి రాదు.

అభ్యంతరాలు

పాత వాహనాలను యథాతథంగా కాపాడాలనేవారు ఈ పద్ధతిని అంగీకరించరు. చట్రం, ఇంజను, యాక్సిళ్ళు పోయిన తరువాత మిగిలేది రేకు చొక్కా మాత్రమేనని వారి వాదన. నిర్మాతల సమాధానం ఏమిటంటే, తుప్పు పట్టి, ఇంజను బిగుసుకుపోయి, పొలం గట్టున పడి ఉన్న క్యాబులనే ఎక్కువగా ఇందుకు వాడతారని, అవి ఈ పద్ధతి లేకుంటే పాత ఇనుములోకి వెళ్ళేవేనని. రెండు వాదనలలోనూ నిజం ఉన్నది. పూర్తిగా ఉన్న, నడుస్తున్న 3100ను విడగొట్టడం మాత్రం నిర్మాతలలో కూడా చాలామందికి ఇష్టం లేని పని. అటువంటి బండి దొరికితే పాత చట్రంపైనే 235 ఇంజను, 3.55 వంటి తక్కువ నిష్పత్తి గల వెనుక యాక్సిలు, ముందు డిస్కు బ్రేకులు అమర్చి ఊరుకుంటారు. ఈ మార్పులలో చట్రాన్ని కోసే పని లేదు కనుక, తీసిన భాగాలను షెడ్డులో భద్రపరిస్తే తరువాతి యజమాని వాటిని తిరిగి బిగించుకోవచ్చు.